చార్లీ వాట్స్ స్టోన్స్‌లోకి రాకముందు వాయించిన జాజ్, బ్లూస్: ఏం వినాలి, కిట్ మీద ఎట్టా సాధన చేయాలి?

కావలి_కిట్:

అన్నలకు నమస్తే. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ గురించి ఏది చదివినా "ఆయన అసలు జాజ్ మనిషి, బ్లూస్ మీదుగా రాక్‌లోకొచ్చాడు" అని ఒక ముక్క అనేసి వదిలేస్తారు. ఆ మధ్యలో ఏం జరిగింది, చేతుల్లో ఏం మారింది అనేది ఎవరూ విప్పి చెప్పరు. అందుకే అడుగుతున్నా.

మొదటిది. 1963కు ముందు ఆయన ఎవరెవరితో వాయించాడు? అలెక్సిస్ కార్నర్ బ్యాండ్ బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ 1962లో చేసిన ఎల్‌పీలో డ్రమ్స్ ఆయనవేనని కొన్నిచోట్ల ఉంది, కాదని కొన్నిచోట్ల ఉంది. ఏది నిజం?

రెండోది షఫుల్, అదే బ్లూస్‌లో ఊగుతూ నడిచే తాళం. నేను వాయిస్తే పరేడ్ బ్యాండ్ మాదిరి బిగుసుకుపోతోంది. రికార్డుల్లో అదే షఫుల్ దొర్లుకుంటూ పోతుంది. తేడా యాడుంది?

మూడోది బ్రష్‌లు, కర్రల బదులు వాడే తీగల కుచ్చులు. స్నేర్ మీద బ్రష్ తిప్పితే శబ్దమే రావడం లేదు.

కిట్ మా చర్చిది. ఐదు పీసులు, 22 అంగుళాల బాస్ డ్రమ్, దాని లోపల దిండు, 14 అంగుళాల స్నేర్. అన్నిటికీ మధ్యలో నూనె ఉండే రెండు పొరల హెడ్లు (డ్రమ్ మీద బిగించే ప్లాస్టిక్ చర్మాలు). హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) 14, రైడ్ (కర్రతో తాళం నడిపే పెద్ద సింబల్) 20. ఆదివారం ఆరాధన అయ్యాకే కిట్ చేతికి దొరుకుతుంది, మిగతా రోజులు ప్రాక్టీస్ ప్యాడే దిక్కు.

పాత_రికార్డులు, నెల్లూరు:

ముందు ఆ ఎల్‌పీ సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. అందులో వాట్స్ లేడు. పేరులో లండన్ మార్క్వీ క్లబ్ ఉన్నా క్లబ్బులో రికార్డు చేసింది కాదు, 1962 జూన్‌లో డెక్కా వాళ్ల స్టూడియోలో చేసింది. డ్రమ్స్ గ్రాహం బర్బిడ్జ్. ఆయన క్రిస్ బార్బర్ జాజ్ బ్యాండ్ డ్రమ్మర్. వాట్స్ అదే ఏడాది బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్‌లో ఉన్నాడు కాబట్టి రెంటినీ కలిపేసి రాస్తుంటారు. ఆ ఎల్‌పీ వినదగ్గదే, కానీ వాట్స్ చెయ్యి కోసం మాత్రం దాన్ని వెతకొద్దు.

ఇక మొదటి నుంచి. వాట్స్ 1941 జూన్ 2న లండన్‌లో పుట్టాడు, వెంబ్లీ వైపు పెరిగాడు. పక్కింటి పిల్లవాడు డేవ్ గ్రీన్. తర్వాత బ్రిటిష్ జాజ్‌లో పేరున్న డబుల్ బాస్ వాద్యకారుడు అయ్యాడు. ఇద్దరూ కలిసి 78 ఆర్‌పీఎం రికార్డులు వినేవాళ్లు. పాతతరం జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ నుంచి సాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ దాకా.

వాట్స్‌ను డ్రమ్స్ వైపు తిప్పింది మాత్రం ఒకే ఒక్క రికార్డు. జెర్రీ మలిగన్ క్వార్టెట్ 1952లో చేసిన "వాకింగ్ షూస్". డ్రమ్స్ చికో హామిల్టన్, మొత్తం బ్రష్‌ల మీద. ఆ క్వార్టెట్‌లో పియానో లేదు, ఇది గుర్తుపెట్టుకోండి. శ్రుతులు నింపే వాద్యం లేనప్పుడు రెండు ఊదే వాద్యాలూ, బాసూ, డ్రమ్సూ ఒకదానికొకటి చోటిచ్చుకోవాలి. డ్రమ్మర్ కాస్త గట్టిగా వాయించాడంటే బాస్ మునిగిపోతుంది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాడి చెవిలో మొదట పడింది ఆ అదుపు. ఆ తర్వాత దశాబ్దాలపాటు స్టేడియాల్లో వాయించినా వాట్స్ దాన్ని వదల్లేదు.

అప్పటికి ఆయన దగ్గరున్నది ఒక బాంజో. మెడ ఊడబెరికి, గుండ్రటి చర్మపు భాగాన్ని స్నేర్‌గా పెట్టుకుని బ్రష్‌లతో వాయించాడు. 1955లో తల్లిదండ్రులు కిట్ కొనిచ్చారు. పాఠాలంటూ పెద్దగా లేవు, రికార్డు పెట్టుకుని దానితోపాటు వాయించడమే. తర్వాత హారో ఆర్ట్ స్కూల్లో చదువు, అడ్వర్టైజింగ్ కంపెనీలో డిజైనర్ ఉద్యోగం. 1958 ప్రాంతంలో డేవ్ గ్రీన్‌తో కలిసి జో జోన్స్ ఆల్ స్టార్స్ అనే జాజ్ బ్యాండ్‌లో వాయించాడు. చార్లీ పార్కర్ జీవితాన్ని బొమ్మల పుస్తకంగా గీసింది కూడా ఈ రోజుల్లోనే. అది అచ్చయింది స్టోన్స్‌తో పేరొచ్చాక.

1961లో అలెక్సిస్ కార్నర్ పిలిచాడు. అప్పుడు వాట్స్ ఉద్యోగం పని మీద డెన్మార్క్ పోతున్నాడు. 1962 ఫిబ్రవరిలో లండన్ తిరిగొచ్చాక ఒప్పుకున్నాడు. మార్చి 17న ఈలింగ్ బ్రాడ్‌వే స్టేషన్ ఎదురుగా ఒక నేలమాళిగలో ఈలింగ్ క్లబ్ మొదలైంది. గాలి ఆడదు, జనం ఊపిరికి పైకప్పు చెమ్మగిల్లి వేదిక మీద బొట్లు రాలేవి. అందుకని పైన గుడ్డ కట్టేవాళ్లు. అక్కడ కార్నర్ గిటార్, సిరిల్ డేవిస్ మౌత్ ఆర్గాన్, డిక్ హెక్‌స్టాల్-స్మిత్ సాక్సఫోన్. కొన్నాళ్లకు జాక్ బ్రూస్ బాస్ మీదకొచ్చాడు.

బ్లూస్ బ్యాండ్‌కు జాజ్ డ్రమ్మర్ ఎందుకని అడగొచ్చు. అప్పటి బ్రిటన్‌లో బ్లూస్ జాజ్ ఇంట్లోనే పెరిగింది. 1958లో అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌ను ఇంగ్లండ్ రప్పించింది జాజ్ నాయకుడు క్రిస్ బార్బర్. కార్నర్, డేవిస్ ఇద్దరూ ఆ బార్బర్ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లే. మార్క్వీ కూడా మొదట జాజ్ క్లబ్బే. బ్లూస్ డ్రమ్మర్లంటూ విడిగా ఎవరూ లేరు, ఉన్నవాళ్లంతా జాజ్ వాళ్లు. వాట్స్‌కైతే రిథమ్ అండ్ బ్లూస్ అంటే ఏంటో కూడా తెలియదు. పార్కర్ సంగీతాన్ని నెమ్మదిగా వాయించడం కాబోలు అనుకున్నానని ఆయనే చెప్పాడు.

ఉద్యోగం వదులుకోవడం ఇష్టం లేక ఆ ఏడాదిలోనే తప్పుకున్నాడు. ఆ సీటులో కూర్చున్నది జింజర్ బేకర్. స్టోన్స్ మొదటి కచేరీ 1962 జూలై 12న మార్క్వీలో జరిగింది. ఆ రాత్రి బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ బీబీసీ రేడియోకు పోవడంతో వీళ్లకు చోటు దొరికింది. వాట్స్ అందులో లేడు, 1963 జనవరిలో చేరాడు. అసలు బ్లూస్ చదువు అప్పుడు మొదలైంది. బ్రయన్ జోన్స్, కీత్ రిచర్డ్స్‌తో కూర్చుని అమెరికా బ్లూస్ గాయకుడు జిమ్మీ రీడ్ రికార్డులు అరిగిపోయేదాకా విన్నాడు. వాటిలో డ్రమ్స్ ఎర్ల్ ఫిలిప్స్.

వినాల్సిన వరుస: పైన చెప్పిన మలిగన్ రికార్డు, 1957 నాటి జిమ్మీ రీడ్ "ఆనెస్ట్ ఐ డూ", 1955 నాటి లిటిల్ వాల్టర్ "మై బేబ్" (డ్రమ్స్ ఫ్రెడ్ బిలో, ఈయన కూడా జాజ్ నేర్చుకుని బ్లూస్‌కు వచ్చినవాడే), ఆపైన 1964 ఏప్రిల్‌లో వచ్చిన స్టోన్స్ మొదటి ఎల్‌పీ. ఆ ఎల్‌పీలో "ఆనెస్ట్ ఐ డూ" మళ్లీ ఉంది. ఫిలిప్స్ వాయించిందీ వాట్స్ వాయించిందీ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఏం తీసుకున్నాడో, ఏం వదిలేశాడో దానికంటే తేటగా ఏ వ్యాసమూ చెప్పదు.

రైడ్_చెయ్యి, ఒంగోలు:

చరిత్ర అన్న చెప్పేశాడు, చేతుల సంగతి నేను రాస్తా.

పరేడ్ బ్యాండ్ మాదిరి ఎందుకు వస్తోందంటే, మీరు బీట్‌ను నాలుగు ముక్కలు చేస్తున్నారు బ్రదర్. తకధిమి అనుకుని మొదటి అక్షరం మీదా చివరి అక్షరం మీదా కొడుతున్నారు. షఫుల్‌లో బీట్ మూడు ముక్కలు, తిశ్రం. త-కి-ట. "త" కొట్టాలి, "కి" ఖాళీ, "ట" కొట్టాలి. లెక్కలో చూస్తే తకధిమిలో రెండో దెబ్బ బీట్‌లో 75 శాతం గడిచాక పడుతుంది, తకిటలో 67 శాతం దగ్గర. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. అంటే ఒకచోట 375 దగ్గర, ఇంకోచోట 333 దగ్గర. తేడా 42 మిల్లీసెకన్లే. చెవికి మాత్రం కుంటడానికీ దొర్లడానికీ ఉన్నంత తేడా.

చెయ్యి ఆ 42 మిల్లీసెకన్లను తనంతట తాను దిద్దుకోదు. ఖాళీగా ఉన్న "కి"ని ఎడమ చేత్తో నింపాలి. ప్యాడ్ మీద మెట్రోనోమ్ 60కి పెట్టి ఇట్లా చేయండి: కుడి-ఎడమ-కుడి, కుడి-ఎడమ-కుడి. కుడి చెయ్యి "త", "ట" కొడుతుంది, ఎడమ చెయ్యి "కి" కొడుతుంది. నోటితో తకిట తకిట అంటూనే ఉండాలి, నోరు ఆగితే చెయ్యి పాత దారి పడుతుంది. మూడు దెబ్బలూ సమదూరంలో పడ్డాక ఎడమ చేతి శబ్దాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోండి. చివరికి కర్ర ప్యాడ్‌కు తగలదు, చెయ్యి మాత్రం కదులుతుంటుంది. ఆ మీదట ఆ కదలిక కూడా ఆపేయండి. మిగిలిందే షఫుల్. 60లో నిలిచాక 80, తర్వాత 100, తర్వాత 120. 60లో పది నిమిషాలు చెదరకుండా రాకపోతే 80 జోలికి పోవద్దు.

ఇక్కడ రెండో తప్పు "ట"ను గట్టిగా కొట్టడం. "త" హై-హ్యాట్ అంచు మీద కర్ర భుజంతో (మొన వెనక లావెక్కే భాగంతో) పడాలి, మణికట్టు కిందికి వస్తూ. "ట" చెయ్యి పైకి లేచేటప్పుడు కర్ర మొనతో హై-హ్యాట్ పైభాగాన్ని తాకి పోవాలి. రెండు దెబ్బలకూ చెయ్యి ఊపు ఒకటే. రెండు ఊపులు వేస్తే 130 దాటగానే ముంజేయి పట్టేస్తుంది, పాట పరిగెత్తుతుంది.

ఇది కుదిరాక జాజ్ రైడ్‌కు రండి. ముందు బ్లూస్, తర్వాత జాజ్ అని చెప్తున్నా, వాట్స్ నడిచిన దారికి తిరగేసి. ఎందుకంటే జాజ్ రైడ్‌లో ఖాళీలు ఎక్కువ, తకిట లోపల గట్టిపడకపోతే ఆ ఖాళీల్లో కూలిపోతాం. నాలుగు బీట్లు ఇట్లా: ఒకటో బీట్ "త" మాత్రమే, రెండో బీట్ "త" "ట", మూడు "త" మాత్రమే, నాలుగు "త" "ట". ఎడమ కాలు హై-హ్యాట్‌ను 2, 4 మీద "చిక్" మని మూయాలి. మడమ నేలకు ఆనించి మెల్లగా నొక్కితే "చిక్" రాదు, "ష్" వస్తుంది. మడమ లేపి కాలి ముందుభాగంతో ఒక్కసారిగా మూసి, అట్నే పట్టి ఉంచండి.

వేగం పెరిగేకొద్దీ తకిట కొద్దికొద్దిగా సమానమవుతూ వస్తుంది, 67 నుంచి 50 వైపుకు జరుగుతుంది. 200 దాటాక కూడా కచ్చితమైన తకిట కోసం పట్టుబడితే బిగుసుకుపోతారు. అక్కడ వదిలేయడమే సరి.

ఇప్పుడు అసలు విషయం. 1962లో వాట్స్ చేతుల్లో మారింది ఏంటంటే, జాజ్‌లో 2, 4 అనేవి ఎడమ కాలివి. ఎడమ చెయ్యికి స్వేచ్ఛ ఉంటుంది, సోలో వాయించేవాడి మాటకు మధ్యమధ్యలో స్నేర్ మీద జవాబు చెప్తుంటుంది. షికాగో బ్లూస్‌లో ఆ 2, 4 ఎడమ చెయ్యికి దిగాయి, స్నేర్ మీద, ప్రతి బార్‌లో (నాలుగు బీట్ల ఆవర్తంలో), తప్పకుండా. కబుర్లు చెప్పే చెయ్యి ఇప్పుడు గడియారం అయింది. జాజ్ నుంచి వచ్చిన చాలామంది డ్రమ్మర్లకు ఇది శిక్షలాగా ఉండేది, సందు దొరికితే చాలు నింపేసేవాళ్లు. వాట్స్ నింపలేదు. స్టోన్స్ మొదటి ఎల్‌పీలో ఆయన ఫిల్స్ (సందులు నింపే దెబ్బల వరసలు) చాలా తక్కువ. అయినా ఆ 2, 4 చెక్కలా ఉండవు, ఎందుకంటే కుడి చెయ్యి లోపల తకిట నడుస్తూనే ఉంది.

సాధన చేసే పద్ధతి: మెట్రోనోమ్‌ను 100 పాటకు 50 పెట్టండి. ఆ క్లిక్‌ను 1, 3 అనుకోవద్దు, 2, 4 అనుకోండి. "ఒకటి (క్లిక్) మూడు (క్లిక్)". నాలుగు బార్లు జాజ్ రైడ్, క్లిక్ మీద ఎడమ కాలు. ఆగకుండా తర్వాతి నాలుగు బార్లు షఫుల్, క్లిక్ మీద ఎడమ చెయ్యి స్నేర్. మళ్లీ జాజ్. మారే చోట క్లిక్ తప్పిపోతే వేగం తగ్గించండి. దాదాపు అందరికీ షఫుల్‌లోకి వచ్చేటప్పుడు పరుగు వస్తుంది, స్నేర్ గట్టిగా పడగానే చెయ్యి ఉత్సాహపడుతుంది.

కావలి_కిట్:

చాలా థ్యాంక్స్ అన్నా. ఎడమ చేత్తో "కి" నింపడం వెంటనే పనిచేసింది. ఇంకో సంగతి. వాట్స్ స్నేర్ కొట్టేటప్పుడు కుడి చెయ్యి హై-హ్యాట్ మీద నుంచి ఎత్తేస్తాడు కదా, అది కూడా జాజ్ నుంచి వచ్చిందేనా? కర్ర పట్టుకునే తీరు కూడా ఆయన మాదిరే మార్చుకోవాలా?

రైడ్_చెయ్యి, ఒంగోలు:

ఆ ఎత్తడం జాజ్ నుంచి వచ్చిందని చెప్పలేం. 1970ల నుంచి వీడియోల్లో బాగా స్పష్టంగా కనబడుతుంది. కానీ దాని ఫలితం మాత్రం జాజ్ చెవికి నచ్చేదే. రెండు శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడకుండా స్నేర్‌కు ఒంటరిగా చోటు దొరుకుతుంది.

చేసే తీరు: సమానమైన ఎనిమిది దెబ్బల బార్ తీసుకోండి. ఒకటి-అండ్-రెండు-అండ్-మూడు-అండ్-నాలుగు-అండ్. హై-హ్యాట్ మీద "రెండు", "నాలుగు" వదిలేసి మిగతా ఆరు కొట్టాలి. ఆ రెండు చోట్ల స్నేర్ ఒక్కటే. కుడి చెయ్యి ఆగకూడదు, దెబ్బ వేసినట్టే కదిలి గాల్లో పోవాలి. ఆగితే తర్వాతి "అండ్" ఆలస్యమవుతుంది, దాన్ని అందుకోవడానికి "మూడు" ముందుకు తోసుకొస్తుంది. మొదట 70లో చేయండి. హై-హ్యాట్ కొంచెం తెరిచి ఉంటే, స్నేర్ పడేటప్పుడు కాలితో మూయండి. లేకపోతే వెనకటి దెబ్బ మోత స్నేర్ మీదకు పాకుతుంది, ఎత్తి ప్రయోజనం లేదు.

పట్టు విషయానికొస్తే, వాట్స్ ఎడమ చెయ్యి ట్రెడిషనల్ గ్రిప్, అరచెయ్యి పైకి, కర్ర బొటనవేలి సందులో. ఆ పట్టు పుట్టింది మెడలో వేలాడే సైనిక డ్రమ్ కోసం. డ్రమ్ పక్కకు ఒరిగి ఉంటుంది కాబట్టి అట్లా పట్టుకోవాల్సి వచ్చింది. స్నేర్ బల్లపరుపుగా ఉన్న కిట్‌కు అది తప్పనిసరి కాదు. రెండు చేతులూ ఒకేలా పట్టుకుని ఇదంతా వాయించొచ్చు.

బ్రష్_తీగ, నెల్లూరు:

పట్టు విషయంలో పై అన్నతో పూర్తిగా ఒప్పుకోను. కర్రలకైతే ఆయన చెప్పింది నిజమే. బ్రష్‌లకు మాత్రం ట్రెడిషనల్ గ్రిప్‌లో ఎడమ బ్రష్ హెడ్ మీద తనంతట తాను పడుకుంటుంది, మణికట్టు తిప్పితే వృత్తం వస్తుంది. అరచెయ్యి కిందికి పెట్టి పట్టుకుంటే మోచెయ్యి లేపాల్సొస్తుంది, పది నిమిషాలకు భుజం నొప్పి. కనీసం బ్రష్‌ల వరకైనా నేర్చుకోండి తమ్ముడూ.

మీ మూడో ప్రశ్న. బ్రష్ శబ్దం తీగలు గరుకు తలాన్ని గీకడం వల్ల వస్తుంది. మీ హెడ్లు రెండు పొరల ప్లాస్టిక్, మధ్యలో నూనె. పైభాగం నున్నన, లోపలి నూనె మోతను తాగేస్తుంది. దాని మీద ఎంత నొక్కినా ప్రయోజనం లేదు, తీగలు వంగుతాయి తప్ప. అన్నీ మార్చనక్కర్లేదు. స్నేర్ పైహెడ్ ఒక్కటి, 14 అంగుళాల ఒకే పొర కోటెడ్ హెడ్, తెల్లటి గరుకు పూత ఉండేది తెచ్చి వేయండి. చర్చి పెద్దలకు చెప్పి మార్చండి, కర్రలతో వాయించినప్పుడు మోత కూడా మారుతుంది మరి.

మార్చేటప్పుడు: బోల్టులన్నీ ఎదురెదురుగా సగం తిప్పు చొప్పున వదులు చేయండి, ఒకదాన్నే ఒకేసారి విప్పితే రిమ్ వంగుతుంది. పాత హెడ్ తీసి చెక్క అంచును పొడి గుడ్డతో తుడవండి, దుమ్ము ఉంటే ఆ చోట హెడ్ కూర్చోదు. కొత్త హెడ్ పెట్టి బోల్టులు వేళ్లతో తిరిగినంత వరకు బిగించండి. అప్పుడు కీ తీసుకుని ఎదురెదురుగా సగం తిప్పు, రెండు చుట్లు. మధ్యలో అరచేత్తో ఒకసారి నొక్కితే హెడ్ సర్దుకుంటుంది. ముడతలు పోయాక పావు తిప్పు చొప్పున. ప్రతి బోల్టుకు అంగుళం లోపలగా వేలితో తట్టి వినండి, అన్నీ ఒకే స్వరం ఇవ్వాలి. ఏదైనా కిందికి పలికితే దాన్నీ, దాని ఎదుటిదాన్నీ చూసుకోండి. కింది హెడ్ కాగితమంత పలచన, దాని మీద వేలు పెట్టొద్దు. స్నేర్ అడుగున ఉండే తీగలు బాగా బిగించి ఉంటే బ్రష్ శబ్దం ఉక్కిరిబిక్కిరి అవుతుంది, తీగలు హెడ్‌ను తాకీ తాకనట్టు ఉండేలా వదులు చేయండి.

బ్రష్‌లు వెనక్కి లోపలికి లాగేసే రకం, ఇనుప తీగలవి కొనండి. నైలాన్‌వి గట్టిగా మోగుతాయి కానీ ఆ గాలి వీచినట్టుండే "ష్‌ష్" రాదు. నెల్లూరులో దొరక్కపోతే చెన్నై అన్నా సాలై వాద్యాల షాపుల్లో చూడండి, రైలెక్కితే పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మన సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, తుప్పు పట్టిన తీగ కోటింగ్‌ను లేపేస్తుంది. వాయించాక పొడి గుడ్డతో తుడిచి, లోపలికి లాగి, సంచిలో పెట్టండి. కొబ్బరి ఈనెలు కట్ట కట్టి వాడేవాళ్లున్నారు, వద్దు. కొనలు పదునుగా ఉండి పూతను గీరేస్తాయి.

విసనకర్రలాగా తీగలు పూర్తిగా విప్పొద్దు, మూడింట రెండొంతులు చాలు. ఎడమ బ్రష్ హెడ్ మీద వృత్తాలు తిప్పుతూనే ఉంటుంది, ఎప్పుడూ లేవదు. నెమ్మది పాటలో ఒక బీట్‌కు ఒక వృత్తం, 120 దాటాక రెండు బీట్లకు ఒకటి. 2, 4 వచ్చే చోట పిసరంత ఒత్తిడి. కుడి బ్రష్ అదే జాజ్ రైడ్ వరస, ఎడమ బ్రష్ ఎదురు వైపుకు పోయినప్పుడు పడాలి, లేకపోతే రెండూ కొట్టుకుంటాయి. కొత్తవాళ్లకు కుడి తట్టినప్పుడల్లా ఎడమ తెలియకుండా లేస్తుంది, "ష్‌ష్" తెగుతుంది. వారం రోజులు కుడి చెయ్యి లేకుండా ఎడమ వృత్తం ఒక్కటే చేయండి. ప్యాడ్ రబ్బరు మీద బ్రష్ పలకదు కాబట్టి ఇంట్లో గరుకైన అట్టపెట్టె మూత వాడండి. చికో హామిల్టన్ రికార్డును తక్కువ శబ్దంతో పెట్టుకుని, ఆ అట్ట మీద మీ బ్రష్ రికార్డును మింగకుండా వాయించగలిగితే సరైన దారిలో ఉన్నట్టు.

బాస్_తంత్రి, ఒంగోలు:

బాస్ గిటార్ వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి, డ్రమ్మర్లు ఎప్పుడూ మర్చిపోయేది ఇదే. జాజ్‌లో బాస్ డ్రమ్ నాలుగు బీట్లూ పడుతుంది, కానీ వినబడకూడదు. దాన్ని ఫెదరింగ్ అంటారు. బాస్ వాయించేవాడి ప్రతి స్వరం కింద ఒక మెత్తటి అడుగు పడినట్టు ఉంటుంది. బీటర్ హెడ్ నుంచి రెండు అంగుళాల కంటే వెనక్కి పోకూడదు, మడమ పెడల్ మీద ఆని ఉండాలి. మీ బాస్ డ్రమ్‌లో దిండు ఉన్నంతవరకు ఇది కుదరదు తమ్ముడూ, దిండు మెత్తటి దెబ్బను పూర్తిగా మింగేస్తుంది. సాధన చేసేటప్పుడు తీసేయండి, దాని బదులు రెండు మూడు అంగుళాల వెడల్పున మడిచిన తువ్వాలు లోపలి నుంచి బీటర్ తగిలే హెడ్ అడుగుకు ఆనించండి. ఆరాధన టైముకు మళ్లీ దిండు పెట్టుకోవచ్చు.

వాట్స్ జీవితమంతా చిన్న కిట్ మీదే ఉండడం కూడా ఇందుకే అనిపిస్తుంది. ఆయన బాగా వాడిన గ్రెచ్ కిట్ 1957 నాటిది, 22 బాస్ డ్రమ్, ఒక చిన్న టామ్ (స్నేర్ తీగలు లేని డ్రమ్), నేల మీద నిలబెట్టే ఒక ఫ్లోర్ టామ్, స్నేర్. అంతే. జాజ్ వాళ్ల మాదిరి నాలుగే పీసులు. బాసుకు చోటు మిగులుతుంది.

పాత_రికార్డులు అన్న ఒక్క వాక్యంలో దాటేసిన జింజర్ బేకర్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అదే సీటు నుంచి ఇంకో దారి కూడా ఉందని తెలుస్తుంది. బేకర్ 1939 ఆగస్టు 19న పుట్టాడు. వాట్స్ కంటే జాజ్‌లో లోతుగా దిగినవాడు. బ్రిటిష్ జాజ్ డ్రమ్మర్ ఫిల్ సీమెన్ దగ్గర నేర్చుకున్నాడు, సీమెన్ అతనికి ఆఫ్రికన్ డ్రమ్స్ రికార్డులు వినిపించాడు. బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ తర్వాత 1963 నుంచి గ్రాహం బాండ్‌తో, జాక్ బ్రూస్, హెక్‌స్టాల్-స్మిత్ కూడా అందులోనే. 1966లో బ్రూస్, ఎరిక్ క్లాప్టన్‌తో క్రీమ్ అనే బ్యాండ్, అప్పటికి రెండు బాస్ డ్రమ్ములు. వాట్స్ ఎడమ చేతిని 2, 4కు కట్టేశాడు, బేకర్ కట్టలేదు. "సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్"లో టామ్‌ల మీద బరువు 1, 3 మీద పెడతాడు. రాక్ వినే చెవికి తిరగేసినట్టు ఉంటుంది. మిచ్ మిచెల్‌ది మూడో దారి. జార్జీ ఫేమ్ బ్యాండ్‌లో వాయించి 1966 అక్టోబర్‌లో జిమీ హెండ్రిక్స్ దగ్గరికి పోయాడు. అమెరికా జాజ్ డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ మాదిరి ఎడమ చెయ్యి, బాస్ డ్రమ్ రెండూ కబుర్లు చెప్తూనే ఉంటాయి. మొదట నేర్చుకోవాల్సింది వాట్స్‌దే. బేకర్, మిచెల్ దారుల్లో బాస్ వాద్యకారుడు చాలా గట్టివాడైతే తప్ప పాట నిలబడదు.

చర్చిలో కిట్ దొరికినప్పుడు ఇట్లా చేయండి. కీబోర్డునూ గిటారునూ కాసేపు ఆపమని చెప్పి, బాసూ మీరూ ఇద్దరే కూర్చోండి. 12 బార్ల బ్లూస్ A స్కేల్‌లో, 96 బీపీఎం. నాలుగు బార్లు A, రెండు బార్లు D, రెండు A, ఒకటి E, ఒకటి D, చివరి రెండు A. బాస్ బీట్‌కు ఒక స్వరం నడుస్తుంది. మొదటి చుట్టు బ్రష్‌లతో, బాస్ డ్రమ్ ఫెదరింగ్. రెండో చుట్టు కర్రలతో జాజ్ రైడ్. మూడో చుట్టు షఫుల్, స్నేర్ 2, 4. ఫిల్ ఒక్కటి కూడా వేయొద్దు, 12వ బార్‌లో కూడా. ఫోన్‌ను కిట్ దగ్గర కాకుండా హాలు చివరి బెంచీ మీద పెట్టి రికార్డు చేయండి, దగ్గర పెడితే సింబల్స్ అన్నిటినీ కప్పేస్తాయి. విన్నప్పుడు ముందు బాస్ ప్రతి స్వరం వినబడుతోందా చూడండి. తర్వాత మూడో చుట్టు మొదట్లో వేగం పెరిగిందా చూడండి. పెరిగితే రైడ్_చెయ్యి చెప్పిన 50 క్లిక్ దగ్గరికి తిరిగి పోండి. పెరగకపోతే 84కు తగ్గించి మళ్లీ చేయండి, నెమ్మదిలోనే తకిట ఎక్కువ పరీక్ష పెడుతుంది.